సంతకం పెట్టే ముందు మీ బిడ్డ చేత ఒక పేజీ చదివించండి

శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో ఉన్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

నేను నరసన్నపేటకి దగ్గర్లో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల కమిటీ చైర్‌పర్సన్‌ని. చదివింది పదో తరగతి. ఇంట్లో కుట్టు మిషను ఉంది, జాకెట్లు, పిల్లల యూనిఫారాలు కుడతాను. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తారు, సంక్రాంతికీ అమ్మవారి పండక్కీ వస్తారు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా స్కూలు కమిటీల ఎన్నికలు జరిగిన రోజు మీలో చాలామందిలాగే నేనూ ఎన్నికయ్యాను. క్లాసుకి ముగ్గురు చొప్పున ఐదు క్లాసులకి పదిహేను మంది తల్లిదండ్రులం. మా పిల్లలిద్దరూ అప్పుడు ఆ బళ్లోనే ఉండేవారు. చైర్‌పర్సన్ ఎవరంటే అందరూ నావైపు చూశారు, పది దాకా చదివానని.

ఒక వాక్యం గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అది మీటింగులో ఏం జరిగిందో రాసే మన మినిట్స్ పుస్తకాల్లో ఉంటుంది.

"విద్యార్థుల విద్యా ప్రగతిపై చర్చించి సంతృప్తి వ్యక్తం చేయడమైనది."

మా పుస్తకంలో ప్రతి మీటింగు కిందా ఇది ఉంది. మాకు ముందున్న కమిటీ రోజుల్లోనూ ఉంది. చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్ల వాళ్లని అడిగితే వాళ్ల పుస్తకాల్లోనూ ఉందన్నారు, ఒకటి రెండు మాటలు అటూ ఇటూగా. దాని కింద మన సంతకాలూ వేలిముద్రలూ ఉంటాయి. నేనూ ఆరుసార్లు పెట్టాను. ఆ ఆరుసార్లలో ఒక్కసారి కూడా మేము పిల్లల చదువు గురించి మాట్లాడలేదు. గుడ్లు చిన్నవి వస్తున్నాయని మాట్లాడాం, నీళ్ల ట్యాంకు కడగాలని మాట్లాడాం, బాత్రూము తలుపుకి గడియ లేదని మాట్లాడాం. అవి మాట్లాడాల్సినవే, కాదనను. అవి అయ్యేసరికి పొద్దు వాలేది, పుస్తకం చేతికొచ్చేది, సంతకం పెట్టేసి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకునేదాన్ని.

కిందటి మాఘంలో మా మేనమామ గారింటి నుంచి పెళ్లి శుభలేఖ వచ్చింది, మూలలకి పసుపు రాసిన కార్డు. నేను మిషను మీద ఉన్నాను. తెల్లారేసరికి ఇవ్వాల్సిన జాకెట్టు. తలెత్తే తీరిక లేక, "ముహూర్తం ఎప్పుడో చదవరా నాన్నా" అని మా పెద్దోడి చేతికిచ్చాను. వాడు అప్పుడు ఐదో తరగతి, తెలుగులో మంచి గ్రేడు. "శ్రీరస్తు, శుభమస్తు" అన్నాడు. అది ప్రతి కార్డు మీదా చూసిందే. తర్వాత "ము... ముహ..." అని ఆగాడు. మళ్లీ మొదటికొచ్చాడు. మళ్లీ ఆగాడు. నేను మిషను ఆపి చూశాను. వాడి వేలు ఆ మాట కిందే ఉండిపోయింది. కాసేపటికి తలెత్తి, "అమ్మా, ఇది మా బుక్కులో లేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. సంచీలోంచి తెలుగు వాచకం తీయించి ఒక పాఠం చదవమన్నాను. గడగడా చదివాడు. హమ్మయ్య అనుకున్నాను, కార్డులో అక్షరాలు మెలికలు తిరిగి ఉన్నాయి కదా, అందుకే ఆగాడేమో అనుకున్నాను. ఎందుకు తోచిందో తెలీదు, పేజీ మీద నా అరచెయ్యి పెట్టాను. వాడు ఆగలేదు. నా చేతి కింద ఉన్న లైన్లన్నీ చెప్పేసి, చెయ్యి దాటి కిందకి వెళ్లిపోయాడు.

వాడు చదవడం లేదు, అప్పజెబుతున్నాడు. బళ్లో అందరితో కలిసి పలికీ పలికీ పాఠం మొత్తం కంఠతా వచ్చేసింది. ఐదేళ్లు బడికి వెళ్లాడు, జ్వరం వస్తే తప్ప నాగా పెట్టలేదు. నేను సరిగ్గా మూడు రోజుల ముందు ఆ బళ్లో కూర్చుని సంతృప్తి వ్యక్తం చేసి వచ్చాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముందు మాస్టారి మీద కోపమొచ్చింది. తెల్లవారుజాముకి ఆ కోపం నా మీదకి తిరిగింది. నాకు చదవడం వచ్చు. బిడ్డ నా పక్కనే పడుకుంటాడు. పైగా కమిటీకి పెద్దని. 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్స్ మీటింగు జరిగినప్పుడు ప్రోగ్రెస్ కార్డు నా చేతిలో పెట్టారు. గ్రేడు చూసి మురిసిపోయి మడతపెట్టి బీరువాలో దాచుకున్నాను. వాడి చేత ఒక్క పేరా చదివించి చూడాలని అప్పుడు కూడా తట్టలేదు.

తర్వాత హెడ్‌మాస్టర్ (హెచ్‌ఎం) గారిని అడిగి కమిటీ నియమాల కాగితాలు తెచ్చుకుని రెండు రాత్రులు కూర్చుని చదివాను. మీరందరూ చదవాలని కోరుకుంటున్నాను, చదవడం రాని వాళ్లు పిల్లల చేత చదివించుకుని వినండి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షను మనది. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని అందులోనే ఉంది. కమిటీ పనుల్లో మొట్టమొదటిది బడి ఎలా నడుస్తోందో గమనిస్తూ ఉండడం. గ్రాంట్ల లెక్క చూడడం దాని తర్వాత వస్తుంది. మనం ఆ మొదటిదాన్ని గోడలకీ గుడ్లకీ సరిపెట్టుకున్నాం.

24వ సెక్షను టీచర్ల బాధ్యతల గురించి. టైముకి రావాలి, సిలబస్ గడువులోగా పూర్తి చెయ్యాలి అని చెప్పి ఊరుకోలేదు. ప్రతి బిడ్డా ఎంతవరకు నేర్చుకోగలుగుతోందో అంచనా వేసి, కావాల్సిన వాళ్లకి అదనంగా చెప్పాలంది. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి హాజరు ఎలా ఉంది, చదువు ఎంతవరకు వచ్చింది అన్నది చెప్పాలంది. అంటే "మా వాడికి చదవడం వచ్చా మాస్టారూ" అని అడిగితే అది నిలదీయడం కాదు, టీచరు మనకి చెప్పి తీరాల్సిన సంగతి. ఇన్నాళ్లూ అది అడగడం అమర్యాద అనుకున్నాను. మీలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారని నాకు తెలుసు.

"చదువుకున్నోళ్ల పని మనకెందుకు, మనకేం తెలుస్తుంది" అనేవాళ్లు మా కమిటీలోనూ ఉన్నారు. వాళ్లకి నేను ప్రభుత్వ బళ్లు బాగుచేసిన నాడు-నేడు పనులు గుర్తు చేశాను. 2019 నవంబరు 14న ఆ కార్యక్రమం మొదలయ్యాక పనులు చేయించింది తల్లిదండ్రుల కమిటీలే కదా. సిమెంటు బస్తాలు ఎన్ని దిగాయి, టైల్స్ ఎన్ని పగిలాయి, ఇసుకలో మట్టి ఎంత ఉంది అన్నది మన ఊళ్ల తల్లులు నిలబడి చూశారు. వాళ్లలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఎవరున్నారు? మా బళ్లో ఒకావిడ, ఎప్పుడూ బడి మెట్లెక్కని మనిషి, గోడకి వేసిన సిమెంటు గోరుతో గీరి చూసి, రాలుతోందని మళ్లీ చేయించింది. అదే మనిషి తన మనవరాలి నోట్సు తిప్పి చూడడానికి భయపడుతోంది.

ఇది మా ఊరి గొడవ మాత్రమే కాదు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా చేస్తున్న అసర్ సర్వే గురించి మీరు వినే ఉంటారు. పిల్లల ఇళ్లకే వెళ్లి, రెండో తరగతి స్థాయి పేరా ఒకటి ఇచ్చి చదవమంటారు. 2023లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని చూడడానికి దేశంలో 28 జిల్లాలు తీసుకున్నారు, ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకున్నది మన శ్రీకాకుళమే. ఆ జిల్లాలన్నీ కలిపి చూస్తే, ఆ వయసు పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పేరాని తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం సగం మందికి పైగా రాలేదు. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలండీ. వీళ్లందరికీ ఎక్కడో ఒక ప్రోగ్రెస్ కార్డు ఉంటుంది, ఒక కమిటీ ఉంటుంది, ఒక మినిట్స్ పుస్తకం ఉంటుంది.

ఇక మేము ఏం చేశామో చెబుతాను. ముందు మేము చేసిన తప్పు చెప్పాలి, మీరు చెయ్యకుండా ఉంటారని.

మార్చిలో మీటింగు పెట్టి, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని వరసగా నిలబెట్టి అందరి ముందూ చదివించాం. ఆలోచన నాదే. నేను దాచుకున్న పాత పిల్లల పత్రిక ఒకటి ఇచ్చాం, బుక్కులో లేనిది. ఆగకుండా చదివినవాళ్లని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు సరిపోయాయి. నాలుగో తరగతి అమ్మాయి ఒకత్తె మొదటి లైనులోనే ఆగిపోయింది. ఎవరో పెద్దాయన "ఏటే, నోట్లో నాలిక నేదా" అన్నాడు. ఆ పిల్ల పత్రిక అక్కడే పడేసి బయటికి పరిగెత్తింది. వారం రోజులు బడికి రాలేదు. వాళ్లింటికి మూడుసార్లు వెళ్లాను. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కూడదని అదే చట్టంలో 17వ సెక్షను చెబుతోంది. నేను చదివిన కాగితాల్లో అది కూడా ఉంది, చూసి దాటేశాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. 2025 జూలై 10న రెండో మెగా మీటింగు వచ్చింది. సభ, ఫొటోలు, భోజనాలు అయ్యాక తల్లులందరం ఎవరి బిడ్డని వాళ్లు తీసుకుని విడివిడిగా కూర్చున్నాం. కొందరు వరండాలో, కొందరు వేపచెట్టు కింద, కొందరు భోజనాల షెడ్డులో. ప్రతి బిడ్డ చేతికీ టీచర్లు చేత్తో రాసిన పేరా ఒకటి ఇచ్చారు, ఐదారు లైన్లు, ఏ పుస్తకంలోనూ లేనిది. బిడ్డ అమ్మకి వినిపించాలి. అంతే. పక్కవాళ్లు వినకూడదు, మార్కుల్లేవు, పైకి పిలవడాల్లేవు.

మా కమిటీలో సగం మందికి చదవడం రాదు. వాళ్లెలా చూస్తారని నాకు టెన్షనే. ఒకావిడ నా భయం పోగొట్టింది. "నాకు అచ్చరం ముక్క రాదమ్మా. అయితే మాత్రం, ఆడు నత్తుతున్నాడో నేదో ఇనపడదేటి?" అంది. నిజమే కదా. బిడ్డ తడుముకుంటే తల్లికి వినబడుతుంది. చదివాక "అందులో ఏటుందిరా" అని అడిగితే, వాడు మన మాటల్లో చెప్పగలిగాడో లేదో ఏ తల్లికైనా తెలుస్తుంది.

ఈ "మన మాటల్లో" అన్నదాని మీద కొంచెం ఆగుతాను. పిల్లాడు తను చదివింది మన యాసలో చెబితే అది తప్పని సరిదిద్దేవాళ్లున్నారు, ఇంట్లోనూ బళ్లోనూ. శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల పిల్లల కోసం తను సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున మన బళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేసి దండ వేస్తాం. ఆయన పుట్టిన జిల్లాలో ఒక పిల్లాడు "నక్క ఎల్లిపోనాది" అని చెబితే, వాడికి కథ అర్థమైందని లెక్క. 'వెళ్లిపోయింది' అని రాయడం టీచరు తర్వాత నేర్పుతారు. మీరు మాత్రం ఆ నిమిషంలో నవ్వకండి.

లెక్కలకి మేము కాగితం కూడా వాడలేదు. నూట ముప్పై రూపాయల సరుకు కొన్నావు, రెండొందల నోటిచ్చావు, చిల్లర ఎంత రావాలి? మూడు కొబ్బరికాయలు తొంభై అయితే ఐదు ఎంత? కొట్టు నడిపే తల్లులు నాకంటే మంచి లెక్కలు అడిగారు. జీడితోటలున్న ఉద్దానం వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, జీడిపిక్కల తూకంలో మోసపోకుండా ఉండాలంటే ఏ లెక్క రావాలో మీకు బాగా తెలుసు.

ఆ రోజు సాయంత్రం టీచర్లూ మేమూ కలిసి కూర్చున్నాం. కోపంగా వెళ్లి ఉంటే ఏమీ జరిగేది కాదు. హెచ్‌ఎం గారు అన్నదాంట్లో నిజం ఉంది. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఐదు క్లాసులు. ఒకరికి ట్రైనింగ్ పడితే ఆ వారం ఒక్కరే. పొద్దున్నే హాజరు యాప్‌లో పెట్టాలి, భోజనాల లెక్క యాప్‌లో పెట్టాలి, ఫొటోలు పెట్టాలి, సిగ్నల్ లేకపోతే మేడ మెట్లెక్కాలి. "నాకు తెలీదనుకున్నావా అమ్మా, ఎవరికి వచ్చో ఎవరికి రాదో? తెలుసు. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకునే గంట నాకెవరిస్తారు?" అన్నారాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మామూలుగా లేదు.

మన పని ఆ గంట సంపాదించి పెట్టడం అని నాకు అప్పుడు అర్థమైంది. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం, ఈ మూడు తప్ప చదువుకి సంబంధం లేని పనికి టీచర్లని పంపకూడదని 27వ సెక్షనులో ఉంది. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం వెనక ఉన్న షెడ్యూలులో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి 200 రోజులు, 800 గంటలు చదువు చెప్పాలని కూడా అక్కడే ఉంది. ఒక్క టీచరుతో నడుస్తున్న బడులు మన జిల్లాలో ఉన్నాయి. అలాంటి బడి కమిటీ వాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే, టీచరు మీద ఫిర్యాదు రాసే ముందు రెండో టీచరు కోసం తీర్మానం రాయండి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాల్సింది మనమే, 22వ సెక్షను. దాన్ని ప్రహరీ గోడ, ఫ్యాన్లు, రంగులతో నింపేస్తున్నాం. "మూడో తరగతి పిల్లలందరికీ ఈ ఏడాది చదవడం రావాలి, దానికి ఇవి కావాలి" అన్న లైను మీ ప్రణాళికలో ఉందో లేదో ఒకసారి తిప్పి చూడండి.

సిలబస్ సంగతి. అందులో మనం వేలు పెట్టకూడదు. ఏ తరగతికి ఏ పాఠం అన్నది రాష్ట్రంలో పాఠ్యాంశాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ చూసుకుంటుంది, ఎలా చెప్పాలన్నది టీచరు చదువుకున్న విద్య. పాఠం మధ్యలో క్లాసులోకి వెళ్లి వెనక బెంచీలో కూర్చుని తప్పులు పట్టే చైర్మన్‌లు కొందరున్నారని విన్నాను. దయచేసి అది మానండి. మనం అడగాల్సింది వేరే ఉంది. అకడమిక్ క్యాలెండర్ ప్రకారం ఈ నెలకి ఎక్కడికి రావాలి, ఎక్కడున్నాం? అయిపోయిన పాఠాలు ఎంతమందికి వచ్చాయి? రానివాళ్లకి ఏం చేస్తున్నారు? ఈ రెండో ప్రశ్నా మూడో ప్రశ్నా అడగకుండా మొదటిది ఒక్కటే అడిగితే కీడే. టీచరు కంగారుపడి పాఠాలు పరిగెత్తిస్తారు, "సిలబస్ పూర్తయింది" అని మినిట్స్‌లో కొత్త వాక్యం వచ్చి చేరుతుంది. నా కొడుక్కి సిలబస్ ఎప్పుడూ టైముకే అయిపోయింది.

ఏ తరగతి బిడ్డకి ఏం వచ్చి ఉండాలన్నది కూడా మనం ఊహించుకోనక్కర్లేదు. 2017లో విద్యాహక్కు నియమాలు మార్చి, తరగతివారీగా అభ్యసన ఫలితాలు అందులో చేర్చారు. ఆ కాగితం బళ్లో ఉంటుంది, అడిగి గోడకి అతికించమనండి. 2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకీ అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న లెక్కలు రావాలని లక్ష్యం పెట్టారు. మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు చదవాలన్నారు. మన తెలుగు మాటలు పొడుగు, ఒక్క మాటలోనే నాలుగు మాటలు కలిసిపోయి ఉంటాయి, కాబట్టి గడియారం పట్టుకుని కూర్చుని బిడ్డని భయపెట్టకండి. ఆగకుండా, అర్థమయ్యేటట్టు చదివితే చాలు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్నాయి కదా, ముందు తెలుగు పేజీతో చూడండి. అది రాని బిడ్డ ఇంగ్లీషు పేజీని పాటలాగే పాడతాడు.

తల్లీతండ్రీ వలస పోయిన ఇళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం మన జిల్లాకి రాసినట్టే కాదు. మత్స్యకార గ్రామాల్లో మగవాళ్లు గుజరాత్ వెళ్తారు. మా వైపు ఆలూమగలిద్దరూ హైదరాబాద్, విజయవాడ, చెన్నై వెళ్లి పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదులుతారు. మా బళ్లో వెనకబడిన పిల్లల పేర్లు రాసి చూస్తే ఎక్కువమంది ఆ ఇళ్ల పిల్లలే. మెగా మీటింగుకి ఆ అమ్మమ్మలు రాలేదు, "తల్లిదండ్రులు" అన్నారు కదా, మేం కాదేమో అనుకున్నారట. చట్టంలో "సంరక్షకులు" అన్న మాట వాళ్ల కోసమే ఉంది. వాళ్లని పిలవండి. ఇళ్లకి వెళ్లి పిలవండి. మా కమిటీలో ఇప్పుడు ఇద్దరు అమ్మమ్మలు మీటింగులకి వచ్చి కూర్చుంటున్నారు. ఒకావిడ చెన్నైలో ఉన్న కూతురికి వీడియో కాల్ చేసి, మనవడి చేత పేరా చదివించి వినిపించింది. అవతల ఆ తల్లి ఏడుస్తూనే ఉంది, ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

మా ఊరి ఆడపడుచు ఒకరు ఇంగ్లండ్‌లో ఉంటున్నారు. సెలవులకి వచ్చినప్పుడు నేనిలా కమిటీ గోల చెబితే, అక్కడ కూడా బడికి గవర్నర్లని ఉంటారని చెప్పింది. జీతం లేదు, కొందరిని తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. బడి ఎటు నడవాలో తేల్చడం, పిల్లల చదువు ఎలా ఉందో హెడ్‌మాస్టర్‌ని జవాబు అడగడం, డబ్బు సరిగ్గా ఖర్చవుతోందో చూడడం, ఇవీ వాళ్ల పనులట. క్లాసులో పాఠం ఎలా చెప్పాలన్నది వాళ్లు ముట్టుకోరు. మన చట్టం మనకి చెప్పిన పనీ దానికి దగ్గరగానే ఉంది. అక్కడ గవర్నర్లు పిల్లల ఫలితాల లెక్కలు ముందు పెట్టుకుని గంటలు కూర్చుంటారని ఆ అమ్మాయి అంటుంటే నాకు మా ఆరు సంతకాలు గుర్తొచ్చాయి.

హైస్కూలు కమిటీల వాళ్లకి ఒక్క మాట. పక్కనున్న పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్లూ వరసగా పదో తరగతిలో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. మనలో కొందరికి అక్కడే చుట్టాలున్నారు, సంతోషించాల్సిందే. మీ మీటింగుల్లో కూడా పది ఫలితాలే మాట్లాడుతున్నారు. ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో ఎవరికి చదవడం రాదో జూన్‌లోనే అడగండి. మా పిల్లలు మీ దగ్గరికే వస్తారు. మా పెద్దోడు ఇప్పుడు మీ దగ్గరే ఉన్నాడు. వేసవి రెండు నెలలూ వాణ్ణి రోజూ మిషను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇప్పుడు నరసన్నపేట వెళ్తే బస్సు బోర్డులు చదువుతున్నాడు. మొన్న "ఆమదాలవలస" అని కూడబలుక్కుని చదివి నావైపు చూశాడు. ఇంకా ఆగుతాడు, వత్తులు మింగుతాడు. ఐదేళ్ల పని రెండు నెలల్లో అవ్వదు.

2024లో ఎన్నికైన మనకి రెండేళ్ల గడువు. అందులో ఎక్కువ భాగం అయిపోయింది. మిగిలిన మీటింగుల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పిల్లల చదువు కోసం మాత్రమే పెట్టండి. గుడ్లూ గడియలూ ఆ రోజుకి పక్కన పెట్టండి. మీ బిడ్డ చేత, మీ పక్కింటి బిడ్డ చేత పుస్తకంలో లేని పేజీ చదివించి విని, తర్వాత టీచర్లతో కూర్చోండి. పిల్లల పేర్లు మినిట్స్‌లో రాయకండి, అది పదిమంది చూసే పుస్తకం. పేర్ల జాబితా టీచర్ల దగ్గరే ఉండాలి.

మేము మొన్నటి మీటింగులో రాసుకున్న తీర్మానం ఇది. మాటలు నావి, హెచ్‌ఎం గారు రెండు చోట్ల దిద్దారు.

"మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో పుస్తకం బయటి పేరా చదవలేని పిల్లల జాబితా టీచర్లు తయారు చేశారు. వీరికి రోజూ పొద్దున్న మొదటి గంట చదవడం మీదే పని చేయించాలి. ఆ గంటలో హాజరు, భోజనం లెక్కల పనిలో టీచర్లకి సాయం చేయడానికి కమిటీ సభ్యులు ఇద్దరు వంతుల వారీగా బడికి రావాలి. ఖాళీగా ఉన్న టీచరు పోస్టు గురించి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి అర్జీ పంపాలి. వచ్చే మీటింగులో తల్లులు మళ్లీ పిల్లల చేత చదివించి వినాలి. అప్పటివరకు విద్యా ప్రగతిపై సంతృప్తి అని రాయరాదు."

వంతుల ప్రకారం మంగళవారాలు నావి. ఆ రోజు ఎవరైనా కమిటీ వాళ్లు వచ్చి ఈ పుస్తకం చూసి రాసుకోవచ్చు. ఎనిమిదిన్నరకే బళ్లో ఉంటాను.

ఇట్లు,
నరసన్నపేట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్,
ఇద్దరు పిల్లల తల్లి